గడ్డ అని చెప్పాను

2023 దసరా సెలవుల్లో నేను బ్రెస్ట్ లిఫ్ట్, అంటే జారినదాన్ని పైకెత్తి కుట్టే ఆపరేషన్, చేయించుకున్నాను. ఈ ఒక్క ముక్క ఉన్నదున్నట్టు రాయడానికి ఇంతకాలం పట్టింది. అప్పట్లో స్కూల్లో వెన్నునొప్పి అన్నాను. అపార్ట్‌మెంట్లో ఏదో చిన్న సర్జరీ అన్నాను. మా అమ్మకి గడ్డ అని చెప్పించాను. ఈ మూడు అబద్ధాల్లో మొదటిది నాకు అక్కర్లేని ఆపరేషన్ చేయించబోయింది. మూడోది మా అమ్మ జుట్టు తీసుకుంది. అందుకే రాస్తున్నాను.

అప్పటికి నా వయసు 41. మియాపూర్‌లో ఉంటాం. దగ్గర్లోనే ఒక స్కూల్లో హైస్కూల్ పిల్లలకి లెక్కలు చెబుతాను. ఇద్దరు పిల్లలు, ఇద్దరికీ ఏడాది దాటేదాకా పాలిచ్చాను. పాప పుట్టాక థైరాయిడ్ పుణ్యమా అని 78 కిలోలకి చేరి, నానా తంటాలు పడి 61కి దిగాను. ఎంత బాగా తగ్గావో అని అందరూ మెచ్చుకున్నారు. నిజమే, కానీ కొవ్వు పోయినంత తేలిగ్గా చర్మం పోదు. పాల ప్యాకెట్ మూల కత్తిరించి సగం వంపేశాక మిగిలిన సగాన్ని గట్టు మీద నిలబెట్టడానికి ప్రయత్నించారా ఎప్పుడైనా? నా పరిస్థితి అది.

ముందు మాట గురించి ఒక మాట. తెలుగులో ఈ సంగతి మాట్లాడదామంటే పదమే దొరకదు. రొమ్ము అంటే మోటు. స్తనం అంటే ప్రబంధంలోనో పోస్ట్‌మార్టం రిపోర్టులోనో ఉండాలి. అందుకని అందరం ‘చెస్ట్’ అంటాం, అది మగవాళ్ళకీ ఉంటుంది కాబట్టి సిగ్గుపడక్కర్లేదు. విచిత్రం చూడండి, ‘రొమ్ము విరుచుకుని నడిచాడు’ అని మగవాడి గురించి హాయిగా రాసేస్తాం. నిజంగా ఉన్నవాళ్ళం మాత్రం భుజాలు ముందుకి వంచుకుని నడవాలి. పాతికేళ్ళు అలాగే నడిచాను. ఇక్కడ మాత్రం రొమ్ము అనే రాస్తాను.

ఎందుకు చేయించుకున్నావంటే చెప్పడానికి చాలా ఉన్నాయి. ఎండాకాలంలో మడతల కింద చెమటకి ఒరుసుకుపోయి ఎర్రగా పొక్కేది, మే నెలంతా పౌడర్ డబ్బా చేతిలో ఉండేది. బ్రా పట్టీలు భుజాల మీద గాట్లు పెట్టేవి. ఇవన్నీ నిజాలే. అసలు కారణం మాత్రం ఇవి కావు. బాత్రూంలో అద్దం వైపు వీపు పెట్టి బట్టలు మార్చుకోవడం ఎప్పుడు అలవాటైందో నాకే తెలియదు. మళ్ళీ అద్దం వైపు తిరగాలనిపించింది. అంతే.

ఆ ‘అంతే’ అన్నది డాక్టర్ ముందు నోటికి రాలేదు. మొదటిసారి వెళ్ళిన ఆసుపత్రిలో డాక్టర్ గారు “చెప్పండమ్మా, ఏమిటి ఇబ్బంది?” అనగానే “వెన్నునొప్పి సార్” అన్నాను. పక్కన మా ఆయన కూడా తల ఊపారు. డాక్టర్ గారు నా వీపు, మెడ, భుజాలు అన్నీ చూసి, ఒక్కో వైపు 300 గ్రాముల దాకా తీసేద్దాం, బరువు తగ్గితే నొప్పి తగ్గుతుందన్నారు. ఆయన చెప్పింది నేను చెప్పిన జబ్బుకి సరైన వైద్యమే. జబ్బే అబద్ధం. ఇంటికొచ్చి రెండు రోజులు ఇంటర్నెట్‌లో చదువుకుంటే గానీ అర్థం కాలేదు, నాకు చేయబోతున్నది రిడక్షన్ అని. ఉన్నదే సగం ప్యాకెట్, అందులోంచి 300 గ్రాములు తీసేస్తే ఇంకేం మిగులుతుంది!

ఈ తేడా అందరికీ తెలియాలి. రిడక్షన్‌లో లోపలి కణజాలాన్ని తీసేస్తారు, బరువు తగ్గుతుంది. బరువైన రొమ్ములతో నిజంగా నడుము, మెడ పట్టేసే వాళ్ళకి అది వరం. లిఫ్ట్‌లో తీసేది ముఖ్యంగా చర్మం. లోపలిదాన్ని పైకి జరిపి ఆకారం కట్టి, మిగిలిపోయిన చర్మాన్ని కత్తిరించి కుడతారు. చనుమొననీ దాని చుట్టూ ఉన్న నల్లటి వలయాన్నీ కింది కణజాలంతో ఉన్న సంబంధం తెగకుండానే పై చోటికి మారుస్తారు. బరువు దాదాపు అంతే ఉంటుంది, కాబట్టి వెన్నునొప్పి ఉంటే అదీ అక్కడే ఉంటుంది. సైజు పెరగదు. ఇంకా చెప్పాలంటే వదులు చర్మమంతా పోయి కాస్త చిన్నగానే కనిపిస్తుంది. పైభాగం నిండుగా రావాలంటే లిఫ్ట్ ఒక్కటే చాలదు, ఇంప్లాంట్ పెట్టాలి, లేదా వేరే చోటి కొవ్వు తీసి ఎక్కించాలి.

నొప్పి ఉంటేనే మనకి అర్హత అనుకుంటాం. అసలు తప్పు అక్కడ ఉంది. కాలు నొప్పి లేకుండా మంచి చెప్పులు కొనుక్కుంటాం, పన్ను నొప్పి లేకుండా పిల్లలకి లక్ష పోసి క్లిప్పులు వేయిస్తాం. ఆడదాని ఒంటి మీద ఒక పని జరగాలంటే మాత్రం ముందు ఒక బాధ చూపించాలి. లేని బాధ కల్పించి చెబితే, డాక్టర్ ఆ బాధకే కత్తి పడతాడు. వెళ్ళేవాళ్ళకి నేను చెప్పేది ఇదొక్కటే: ఊరంతటికీ అబద్ధం చెప్పినా ఆ గదిలో మాత్రం చెప్పకండి.

రెండోది డాక్టర్ గది కాదు, కౌన్సెలర్ గది. సోఫా, కాఫీ, ట్యాబ్‌లో ఫొటోలు. ఆ అమ్మాయి చాలా మర్యాదగా “మేడమ్, లిఫ్ట్ ఒక్కటే అయితే పైన ఖాళీగా ఉంటుంది, ఇంప్లాంట్‌తో కాంబో చేద్దాం, ఈఎంఐ ఉంది” అంది. ఖాళీగా ఉంటుందన్నది తప్పేమీ కాదు. ఇంప్లాంట్ జీవితాంతం ఉండే వస్తువు కాదనీ, ఎప్పుడో ఒకప్పుడు మార్చాల్సో తీయాల్సో రావచ్చనీ, దాని బరువుకి చర్మం మళ్ళీ సాగుతుందనీ మాత్రం ఆ ట్యాబ్‌లో లేదు. ఫొటోలన్నీ చూశాను. ఒక్కదాంట్లోనూ కింది మడత కనపడలేదు. ఒకచోట నీడ, ఒకచోట చెయ్యి, ఇంకోచోట ఫొటో అక్కడితో కత్తిరించేశారు. డాక్టర్ గారు ఎప్పుడు కలుస్తారని అడిగితే, అడ్వాన్స్ కట్టాక అంది. కాఫీ తాగేసి వచ్చేశాను.

ఈ తిరుగుళ్ళలో చాలామంది చాలా కారణాలూ చిట్కాలూ చెప్పారు. అందరూ మొదట అనేది, పాలివ్వడం వల్లే జారిపోయాయని. కొత్తగా కాన్పైన అమ్మాయిలు కూడా ఇది నమ్మి భయపడుతుంటారు కాబట్టి కాస్త ఆగి చెబుతాను. 2008లో అమెరికాలో కెంటకీ విశ్వవిద్యాలయం సర్జన్లు, ఇలాంటి ఆపరేషన్ల కోసం వచ్చిన తల్లులనే తీసుకుని లెక్క చూశారు. పాలిచ్చినవాళ్ళకీ ఇవ్వనివాళ్ళకీ తేడా కనపడలేదు. వయసు, బరువు, ఎన్ని కాన్పులు, కాన్పుకి ముందు రొమ్ముల సైజు, సిగరెట్ అలవాటు, ఇవే తేలాయి. కడుపుతో ఉన్నప్పుడు ఉబ్బడమూ తర్వాత తగ్గడమూ పాలిచ్చినా ఇవ్వకపోయినా జరిగేవే. దీనికోసం బిడ్డకి పాలు మాన్పించడం అంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు.

రెండోది, యూట్యూబ్ వ్యాయామాలు, నూనెలు, క్రీములు. రొమ్ములో కండరం లేదు, ఎన్ని దండీలు తీసినా బిగుసుకోవడానికి. కండరం ఉన్నది దాని వెనక. రొమ్మును పట్టి ఉంచేవి లోపలి సన్నటి పట్టీలు, వాటిని 1840లో ఆస్ట్లీ కూపర్ అనే లండన్ సర్జన్ వివరంగా బొమ్మలు గీసి చూపించాడని ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. చీర లోపలి లంగా నాడా సాగిపోతే నూనె రాస్తే బిగుస్తుందా? ఇదీ అంతే. (నేను ఆర్నెల్లు రాశాను. ఖరీదైన నూనె. దాని పేరు చెప్పను, కొన్నందుకు సిగ్గుగా ఉంది.)

మూడో డాక్టర్ దగ్గర నేర్చుకున్న పాఠం ప్రకారం మొదలుపెట్టాను. “నొప్పి లేదు మేడమ్. నాకు బాగా కనపడాలనుంది. మచ్చలు ఎలా ఉంటాయో ముందు అవి చూపించండి” అన్నాను. ఆవిడ నవ్వి, కంప్యూటర్ తన వైపు నుంచి నా వైపు తిప్పారు. తలలు లేని ఫొటోలు, అనుమతి తీసుకున్నవి. ఒకే మనిషివి రెండు వారాలకి, మూడు నెలలకి, ఏడాదికి. రెండు వారాలది చూస్తే కడుపులో తిప్పింది. ఎర్రగా, ముడతలు ముడతలుగా, పైన ఉబ్బి కింద చదునుగా ఉంది. మూడు నెలలకి ఆకారం కుదిరింది గానీ గీతలు ముదురు రంగులో ఉన్నాయి. ఏడాదికి పాలిపోయి సన్నబడ్డాయి. పోలేదు. “పోతాయని ఎవరైనా చెబితే వాళ్ళ దగ్గరికి వెళ్ళకండి” అన్నారావిడ. అక్కడే నిర్ణయం అయిపోయింది.

కోత ఎంత అన్నది ఎంత జారింది అన్నదాన్ని బట్టి ఉంటుంది. నిలబడి చూసుకుంటే చనుమొన కింది మడతతో సమానంగా ఉందా, దానికి కిందకి దిగిందా, లేక అన్నిటికన్నా అడుగున నేల చూపు చూస్తోందా అన్నది కొలత. కాస్త జారితే వలయం చుట్టూ గుండ్రటి కోత సరిపోతుంది. ఇంకాస్త అయితే అక్కడి నుంచి కిందకి నిలువు గీత. నాలాంటి నేల చూపు వాళ్ళకి ఆ నిలువు గీత కింద మడత వెంబడి అడ్డ గీత కూడా, మొత్తం పడవ లంగరు ఆకారం. ఆ గీతలు ఎక్కడెక్కడ గీయాలన్న నమూనా 1956లో రాబర్ట్ వైజ్ అనే అమెరికన్ సర్జన్ తయారుచేశాడు. బ్రాలు ఎలా కత్తిరిస్తారో చూసి దాన్ని రూపొందించాడు. ఈ ముక్క వినగానే నాకు పెద్ద ఊరట కలిగింది. మా అమ్మ గుడివాడలో ముప్ఫై ఏళ్ళు ఇంట్లో మిషన్ పెట్టుకుని జాకెట్లు కుట్టింది. చదునుగా ఉన్న గుడ్డ గుండ్రంగా రావాలంటే డాట్ వేయాలి, అంటే చిన్న మడత పట్టి కుట్టాలి, డాట్ వేశాక లోపల కుట్టు ఉంటుంది. ఇది నాకు ఎనిమిదేళ్ళప్పుడే తెలుసు.

ఆవిడ నా ఎడమ జబ్బ మీద చిన్నప్పటి బీసీజీ టీకా మచ్చ చూశారు, సిజేరియన్ కుట్టు చూశారు, చెవిపోగుల చుట్టూ చూశారు. ఎక్కడైనా ఉబ్బి, మెరుస్తూ, గాయం దాటి పాకి ఉంటే కీలాయిడ్ వచ్చే ఒళ్ళని అర్థం. మన చామనఛాయ ఒళ్ళకి ఆ బెడద తెల్లవాళ్ళ కన్నా ఎక్కువ. నాకు లేదు. చనుమొన స్పర్శ కొన్నాళ్ళు పోవచ్చు, కొద్దిమందికి తిరిగి రాదు. ఇంకో కాన్పు ఉద్దేశం ఉంటే ఆగాలి, ఎందుకంటే కాన్పు మళ్ళీ అంతా సాగదీస్తుంది, పాలివ్వడానికీ ఇబ్బంది కావచ్చు. రెండు వైపులా అచ్చు ఒకేలా రావు. చాలా అరుదుగా రక్తప్రసరణ దెబ్బతిని చనుమొనకే ప్రమాదం రావచ్చు, సిగరెట్ తాగేవాళ్ళకీ షుగర్ అదుపులో లేనివాళ్ళకీ ఆ ముప్పు ఎక్కువ. ఇవన్నీ ఆవిడే చెప్పారు, నేను అడక్కుండానే. నలభై దాటింది కాబట్టి మామోగ్రామ్, అంటే రొమ్ముల ఎక్స్‌రే, తీయించారు. అదీ బాగానే ఉంది. ఆవిడ ఎం.సీహెచ్ ప్లాస్టిక్ సర్జరీ చదివారని మెడికల్ కౌన్సిల్ రిజిస్టర్‌లో చూసుకున్నాకే డేట్ తీసుకున్నాను. బోర్డు మీద కాస్మెటిక్ అని రాసుకున్న ప్రతివాళ్ళూ సర్జన్లు కారు.

డబ్బు సంగతి. ప్యాకేజీ 1,75,000. ఇన్సూరెన్స్ రాదు, అందానికి చేసేవి పాలసీల్లో మినహాయింపు. పైగా మామూలు వైద్యానికి లేని జీఎస్టీ దీనికి ఉంది, 18 శాతం, అంటే 31,500. మొత్తం 2,06,500. నేను నాలుగేళ్ళు ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బు. మా ఆయన మొదట అన్నది, “నాకైతే ఏం తేడా లేదు, నువ్వెలా ఉన్నా ఇష్టమే.” మంచి మాటే. కానీ నేను అడిగింది ఆయనకి ఎలా ఉందని కాదు. ఆ మాట ఆయనకి అర్థం కావడానికి ఒక వారం పట్టింది. అర్థమయ్యాక మాత్రం రిపోర్టుల ఫైలు ఆయనే మోశారు.

మరి అమ్మకి ఏం చెప్పాలి? సిజేరియన్ తప్ప ఆసుపత్రి గడప తొక్కని ఇల్లు మాది. అందం కోసం కోయించుకుంటున్నానంటే బతకనిస్తుందా? “మామోగ్రామ్ తీశారు కదా, చిన్న గడ్డ ఉంది, తీసేస్తారు, భయం లేదు అని చెప్పండి” అన్నాను మా ఆయనతో. గడ్డ అన్న మాట ఆడవాళ్ళ చెవికి ఎలా వినిపిస్తుందో ఆ నిమిషం ఆలోచించలేదు. మా పిన్ని, అంటే అమ్మ సొంత చెల్లెలు, రొమ్ము క్యాన్సర్‌తోనే పోయింది. ఆవిడకీ మొదట అందరూ చెప్పింది చిన్న గడ్డ అనే.

సోమవారం పొద్దున్నే ఆసుపత్రి. ఖాళీ కడుపు. డాక్టర్ గారు వచ్చి నన్ను గోడ పక్కన నిటారుగా నిలబెట్టి, మెడ కింద గుంట దగ్గర టేపు పెట్టి కొలిచారు. ఎడమ 28 సెంటీమీటర్లు, కుడి 27. కొత్త చోటు 22 దగ్గర. ఊదా రంగు పెన్నుతో గీతలు గీశారు, వెనక్కి జరిగి చూశారు, ఒకటి చెరిపి మళ్ళీ గీశారు. కొలతలన్నీ నిలబడి ఉండగానే తీయాలట, పడుకుంటే అంతా పక్కలకి పోతుంది. ఆ చల్లటి ఏసీ గదిలో, సగం బట్టల్లో, నాకు ఏడుపు రావాల్సింది. రాలేదు. ఆ టేపు, ఆ వెనక్కి జరిగి చూడటం, తల పక్కకి వంచడం, అచ్చం మా అమ్మే.

మత్తు ఇచ్చారు. మూడు గంటలు పట్టిందట. లేచాక నొప్పి కన్నా బిగువు ఎక్కువ అనిపించింది, ఎవరో రెండు సైజులు చిన్న జాకెట్టు తొడిగి హుక్కులు పెట్టేసినట్టు. సిజేరియన్‌తో పోలిస్తే నొప్పి తక్కువే. రెండు వైపులా సన్నటి గొట్టాలు, మర్నాడు తీసేసి పంపించారు. నొప్పి మాత్రలకి మలబద్ధకం వస్తుందని ఎవరూ గట్టిగా చెప్పరు. నేను చెబుతున్నాను, ఇసబ్‌గోల్ ముందే కొనుక్కోండి.

వెల్లకిలా పడుకోవాలి, వీపు కింద దిండ్లు ఎత్తుగా పెట్టుకుని. చేతులు భుజం దాటి ఎత్తకూడదు, బరువు పట్టకూడదు. ఇది వినడానికి చాలా తేలిక. మా పాపకి రెండు జడలు వేయాలంటే చేతులు ఎక్కడిదాకా లేపాలో ఆ రోజే తెలిసింది. మా ఆయన వేశారు. మొదటి రోజు ఒక జడ చెవి పైన, ఇంకోటి మెడ దగ్గర. పాప అద్దంలో చూసుకుని “డాడీ, ఇది లెక్కల్లో సమాంతర రేఖలు కాదు” అంది. నవ్వితే కుట్లు లాగాయి. సద్దుల బతుకమ్మ నాడు ఎనిమిదో అంతస్తు బాల్కనీలోంచి చూస్తూ కూర్చున్నాను. కింద అందరూ వంగి లేచి చప్పట్లు కొడుతుంటే, ఒక్కో చప్పట్టు నా ఛాతీ మీదే పడుతున్నట్టుంది. నాలుగో రోజు మాత్రం కారణం లేకుండా ఏడ్చాను. మత్తు దిగాక, మందులకి, అలా ఒక రోజు వస్తుందని డాక్టర్ గారు ముందే చెప్పారు. చెప్పకపోయి ఉంటే తప్పు చేశాననే అనుకునేదాన్ని.

అమ్మ బుధవారం పొద్దున దిగింది, రాత్రంతా బస్సులో కూర్చుని. చేతిలో బాలింతకి తెచ్చినట్టు వెల్లుల్లి కారం, కరివేపాకు పొడి. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. రెండు రోజులు నన్నేమీ అడగలేదు, వంటింట్లోనే ఉంది. శుక్రవారం తలస్నానానికి అనుమతి వచ్చింది. తల రుద్దుకోవడానికి నా చేతులు లేవవు. అమ్మే కుర్చీ వేసి కూర్చోబెట్టి, నైటీ భుజాల దాకా దించి, కుంకుడు రసం పోస్తూ ఆగిపోయింది.

“గడ్డ ఎడమ పక్క అన్నారు కదే. రెండు పక్కలా కోశారేం?”

నీళ్ళు కారుతున్నాయి. కళ్ళలోకి కుంకుడు రసం పోయింది. చెప్పేశాను.

అమ్మ ఏమీ అనలేదు. తల పూర్తిగా రుద్దింది, నీళ్ళు పోసింది, తుండు చుట్టింది. అప్పుడంది, “మీ పిన్ని పోయినప్పటి నుంచి నాకు రాత్రిళ్ళు ఇదే భయం. ఫోన్ రాగానే ఏడుకొండలవాడికి తలనీలాలు ఇస్తానని మొక్కుకున్నాను.” ఆ తర్వాత రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

నన్ను ఎవరైనా అడిగితే, ఆపరేషన్‌లో అన్నిటికన్నా బాధ పెట్టింది ఆ రెండు రోజులే అంటాను. కుట్లు కాదు. అందం కోసమని చెప్పి ఉంటే అమ్మ తిట్టేది, నాలుగు రోజులు అలిగేది. భయపడేది మాత్రం కాదు. మన గుట్టు కోసం ఎదుటివాళ్ళకి చావు భయం పెట్టే హక్కు మనకి ఎవరిచ్చారు? ఇది నా ఒక్కదాని తప్పు కాదనీ తెలుసు. క్యాన్సర్ అంటే అయ్యో అనే ఊరు, లిఫ్ట్ అంటే ఛీ అంటుంది. అందుకే మనం జాలి పుట్టించే అబద్ధాన్నే ఎంచుకుంటాం.

ఛీ అనేవాళ్ళలో రెండు రకాలు. ఈ వయసులో ఎవరికోసం అనేవాళ్ళు ఒక రకం. వాళ్ళకి జవాబు చెప్పను, 41 ఏళ్ళ ఒంట్లో ఇంకో నలభై ఏళ్ళు ఉండాల్సింది నేను. రెండో రకం గట్టిది. మా స్కూల్లో తెలుగు చెప్పే ఆవిడ, నాకు చాలా ఇష్టమైన మనిషి, ఆర్నెల్ల తర్వాత నిజం చెబితే ఇలా అంది: “పిల్లల్ని కన్న ఒళ్ళు కన్నట్టే ఉంటుంది. అది తప్పని మనకి నేర్పింది ఎవరు? నేర్పినవాళ్ళ కోసం కోయించుకున్నావు.” ఇందులో నిజం ఉంది. నాకు సిగ్గు పుట్టుకతో రాలేదు, పత్రికలూ సినిమాలూ పెళ్ళి జాకెట్లూ నేర్పినదే. కాకపోతే నేర్పిన సిగ్గు నేర్పారని తెలియగానే పోదు. అది పోయేదాకా అద్దానికి వీపు పెట్టి నిలబడమంటే ఎలా? ఆవిడ జుట్టుకి రంగు వేసుకుంటుందని గుర్తుచేయబోయి ఊరుకున్నాను, అది చౌకబారు వాదన. రంగు కడిగితే పోతుంది, ఇది పోదు. ఆవిడతో ఈ వాదన ఇంకా నడుస్తూనే ఉంది.

స్కూలు తెరిచిన రోజుకి నాకు ఆపరేషన్ అయి పది రోజులు. డాక్టర్ రెండు వారాలు ఆగమన్నారు. వెన్నునొప్పి అని చెప్పి ఉన్నాను కదా, ఇంకా సెలవు అడిగితే సర్టిఫికెట్ అడుగుతారని వెళ్ళిపోయాను. బోర్డు కింది సగంలోనే లెక్కలు చేశాను. వెనక బెంచీల వాళ్ళు “మేడమ్, కనపడట్లేదు” అని గోల. అలవాటు కొద్దీ ఒకసారి పైన రాశాను కూడా. పదమూడో రోజు కుడి వైపు నిలువు గీత, అడ్డ గీత కలిసే చోట కుట్టు విచ్చుకుంది, చింతగింజంత. నీరు కారి సర్జికల్ బ్రా తడిసింది. పరుగెత్తుకుంటూ వెళ్తే డాక్టర్ గారు టెన్షన్ పడకుండా చూశారు. మూడు కుట్లు కలిసే ఆ చోట లాగుడు ఎక్కువ, ఎక్కువమందికి విచ్చుకునేది అక్కడేనట. “బోర్డు వల్లేనా?” అంటే “అని చెప్పలేను, కాదనీ చెప్పలేను” అన్నారు. మళ్ళీ కుట్టలేదు. రోజూ కట్టు మారుస్తూ ఉంటే మూడు వారాలకి దానంతటదే పూడింది. ఆ చోట మచ్చ ఇప్పటికీ కాస్త వెడల్పు.

ఆ కట్టు మార్చింది అమ్మే. మాటలు కలిశాయి అప్పటికి. మొదటి రోజు కళ్ళజోడు పెట్టుకుని దగ్గరగా వంగి, గీత వెంబడి మొత్తం చూసింది. “లోపలి కుట్టు బాగా వేసింది. మూల దగ్గరే గుడ్డ చాలలేదు” అంది.

మిగతాది ఓపిక. ఆరు వారాలు పగలూ రాత్రీ ఆ బ్రాలోనే ఉన్నాను. గాయం పూడాక మచ్చల మీద సిలికాన్ పట్టీలు, నెలల తరబడి. మొదట్లో పైన ఉబ్బి కింద చదునుగా ఉండి, రెండున్నర, మూడు నెలలకి గానీ కిందకి దిగి సర్దుకోలేదు. ఎడమ వైపు స్పర్శ నాలుగో నెలలో చీమలు పాకినట్టు మొదలై తిరిగొచ్చింది. కుడి వైపు సగమే వచ్చింది. అదీ లెక్కలో వేసుకోండి. తర్వాత మామోగ్రామ్‌కి వెళ్ళినప్పుడల్లా ఈ ఆపరేషన్ అయిందని ముందే చెప్పాలి, లోపలి మచ్చలు ఫిల్ములో వేరేగా కనపడతాయి.

కార్తీకంలో అమ్మ తిరుమల వెళ్ళింది. వద్దన్నాను, గడ్డే లేనప్పుడు మొక్కేమిటన్నాను. “నువ్వు బాగుండాలని మొక్కాను. గడ్డ కోసం కాదు” అంది. నడుము దాకా ఉండే జుట్టు. నాన్నకి ఇప్పటికీ గడ్డ అనే తెలుసు.

సంక్రాంతికి గుడివాడ వెళ్ళేసరికి అమ్మ తల మీద జుట్టు, ఊరి బయట కోసిన మళ్ళలో వరి కొయ్యకాళ్ళలా, తెల్లగా అంగుళం మొలిచి ఉంది. భోగి మర్నాటికి కట్టుకోవడానికి చీర ఇచ్చి, జాకెట్టు కుడతా రమ్మంది. పాతదాని కొలతలకే కుట్టేయమన్నాను. వినలేదు. మిషన్ సొరుగులోంచి కొలతల నోట్‌బుక్కు తీసింది. నా పేజీ నేను అంతకు ముందెప్పుడూ చూడలేదు. ఛాతీ, నడుము, మెడ లోతు, చివర్న డాట్ పాయింట్, అంటే భుజం మీద నుంచి చనుమొన దాకా. ఆ గడిలో 2006 పెళ్ళికి 9½. అది కొట్టేసి 10. కొట్టేసి 10¾. కొట్టేసి 11½. ప్రతిసారీ నాకేమీ చెప్పకుండా, డాట్ కిందకి జరిపి కుడుతూ వచ్చింది.

టేపు భుజం మీద పెట్టి దించింది. 10 దగ్గర ఆగింది. 11½ని పెన్నుతో కొట్టేసి, పెన్ను పక్కన పెట్టి, సుద్దముక్కల డబ్బాలో పెన్సిల్ కోసం వెతికింది.

“పెన్సిలెందుకమ్మా?”

“మళ్ళీ జారదా ఏంటి?” అంది, రాస్తూనే.